పెదవులు చెప్పని పాఠం

వినపడని పిల్లలకు పాఠం చెప్పడానికి కావలసిన సరంజామా అంతా ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే ఉంది. అదీ ఉచితంగా! కాకపోతే ఏది, ఏ బిడ్డకి, ఎలా అన్నది టీచర్లకు తెలియాలి.

ఓసారి అద్దం ముందు నిలబడండి. గొంతు బయటికి రాకుండా పెదవులు మాత్రమే కదుపుతూ మూడు మాటలు పలకండి.

పాట... బాట... మాట.

ఏమైనా తేడా కనిపించిందా? కనిపించదు. మూడుసార్లూ పెదవులు ఒకేలా మూసుకుంటాయి, ఒకేలా తెరుచుకుంటాయి. తేడా అంతా గొంతులోనూ ముక్కులోనూ ఉంది. అది చెవికి తెలుస్తుంది తప్ప కంటికి తెలియదు.

చెవులు పనిచేయని పిల్లలు క్లాసులో రోజంతా పడే అవస్థ ఇదే. సార్ చెప్పింది పాటా, బాటా, మాటా అని ఆలోచించేలోగా ఆయన మరో నాలుగు వాక్యాలు చెప్పేస్తారు. పైగా సగం పాఠం బోర్డువైపు తిరిగే చెబుతారు. అప్పుడు ఆ పెదవులు కూడా కనిపించవు. చివర్లో ఆయన ఇటు తిరిగి ‘అర్థమైందా?’ అంటారు. అందరూ తలూపుతారు. వినపడని బిడ్డా ఊపుతుంది. ‘పర్లేదు, అర్థమైనట్టే ఉంది’ అనుకుంటారు సార్!

ఆ తలూపుడు వెనక ఏముందో తెలుసుకోవడానికి టీచర్లకు సాయపడేవి ఇంటర్నెట్‌లో చాలానే ఉన్నాయి.

చదువుల సంతలో...

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ అంటేనే చదువుల సంత. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, డీఎస్సీ, కంప్యూటర్ కోర్సులు... మేడ మీద మేడగా బోర్డులే బోర్డులు. జిల్లాల నుంచి వచ్చిన కుర్రకారు అక్కడే హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు. అక్కణ్నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా రోడ్డుకి అటూ ఇటూ కాలనీలు. కాలనీకో బడి.

అదే మెట్రోలో రెండోవైపు వెళ్తే మూసారాంబాగ్, న్యూమార్కెట్... ఆ తర్వాత మలక్‌పేట. బధిరుల ప్రభుత్వ పాఠశాల ఉంది అక్కడే. వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయమూ ఆ ప్రాంతంలోనే. అంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూడో స్టేషన్!

అయితే వినికిడి సమస్య ఉన్న పిల్లలందరూ ప్రత్యేక పాఠశాలకే వెళ్లరు. వెళ్లాల్సిన అవసరమూ లేదు. చెవి మిషన్ పెట్టుకున్నవారు, కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకున్నవారు ఇంటి పక్క బడికే వెళ్తుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా ఆ హక్కు ఇచ్చింది. ప్రభుత్వ నిధులతో నడిచేవైనా, ప్రభుత్వ గుర్తింపు మాత్రమే పొందినవైనా విద్యాసంస్థలు వివక్ష చూపకుండా పిల్లల్ని చేర్చుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైమాటే. కాబట్టి ఏ టీచరుకైనా, ఏదో ఒక జూన్ నెలలో, హాజరుపట్టీలో అలాంటి ఒక పేరు ఎదురుకావచ్చు.

చిక్కల్లా అక్కడే. మామూలు బీఈడీ చదివిన టీచరుకి ఈ పిల్లలకు బోధించడంలో ప్రత్యేక శిక్షణ ఉండదు. అందుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన స్పెషల్ బీఈడీ, డీఈడీ కోర్సులు వేరే ఉన్నాయి. సోమవారం పొద్దున్నే క్లాసుకి వెళ్లాల్సిన మనిషి ఇప్పటికిప్పుడు ఆ కోర్సు చదివి రాలేరు కదా! అందుకే ఫోన్.

ముందు పాఠం కాదు... బిడ్డ!

ఇంటర్నెట్ తెరిచి ‘డెఫ్’ అని కొట్టగానే వందల వీడియోలు వచ్చిపడతాయి. తొందరపడి ఏదో ఒకటి చూపించేస్తే లాభం లేదు. ముందు మన క్లాసులోని బిడ్డ సంగతి తేల్చుకోవాలి.

రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే చట్టం దృష్టిలో బధిరులు. 60 నుంచి 70 మధ్య అయితే వినికిడి మందగించినవారు. మిషన్‌తో మాటలు పట్టుకోగలిగే బిడ్డకి కావలసింది ఒకటి, సైగలతో మాట్లాడే బిడ్డకి కావలసింది మరొకటి. ఇద్దరికీ ఒకే వీడియో పనికిరాదు.

అసలు సమస్య ఉందో లేదో తెలియని పిల్లల మాటేమిటి? పిలిస్తే పలకరు. డిక్టేషన్‌లో పక్కవాడి పలక చూస్తారు. ‘పరధ్యానం’, ‘పొగరు’ అనిపించుకుంటారు. ఇలాంటి వారిని గుర్తించడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ‘ప్రశస్త్’ అనే యాప్ తెచ్చింది. చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల లక్షణాల మీద ప్రశ్నలు ఉంటాయి. టీచరు తాను గమనించినదాన్ని బట్టి జవాబులు నింపాలి. అది జబ్బు పేరు చెప్పేయదు. ‘ఈ బిడ్డను డాక్టరుకి చూపించడం మంచిది’ అని చెప్పడానికి ఆధారం ఇస్తుంది. అంతవరకే. ఆ తర్వాత పని ఈఎన్‌టీ వైద్యులది, ఆడియాలజిస్టులది.

మిషన్ ఉన్న పిల్లలకైతే రోజూ పొద్దున రెండు నిమిషాల పరీక్ష ఒకటి ఉంది. డేనియల్ లింగ్ అనే నిపుణుడు రూపొందించిన ‘ఆరు శబ్దాల పరీక్ష’. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్... అంతే! బిడ్డకి పెదవులు కనపడకుండా టీచరు ఒక్కో శబ్దమే అంటారు. వినపడగానే బిడ్డ చెయ్యెత్తాలి. కాస్త పెద్ద పిల్లలైతే ఆ శబ్దాన్ని తిరిగి అనాలి. మనం మాట్లాడే మాటల్లోని బరువైన ధ్వనుల నుంచి సన్నటి ధ్వనుల దాకా అన్నీ ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. నిన్న ‘స్’ విని, ఇవాళ వినలేదంటే బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, మిషన్ సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. అది చూసుకోకుండా పాఠం మొదలుపెడితే ఆ రోజంతా వృథా! ఈ పరీక్ష ఎలా చేయాలో చూపే వీడియోలు ‘లింగ్ సిక్స్ సౌండ్ టెస్ట్’ అని వెతికితే దొరుకుతాయి.

అమెరికా సైగలు మనకెందుకు?

సైగలతో చదువుకునే పిల్లల విషయంలో కొత్త టీచర్లు చేసే మొదటి పొరపాటు... యూట్యూబ్‌లో ముందుగా కనబడిన వీడియో చూసి నేర్చేసుకోవడం. ముందుగా కనబడేవి చాలావరకు అమెరికన్ సంజ్ఞా భాషవే.

ప్రపంచమంతా సైగల భాష ఒక్కటే అనుకుంటాం. కాదు. అమెరికాది వేరు, బ్రిటన్‌ది వేరు, మనది వేరు. ఇంగ్లిషు అక్షరాలనే తీసుకోండి. అమెరికా వాళ్లు ఒంటిచేత్తో చూపిస్తారు. మన దగ్గర ఎక్కువ అక్షరాలకు రెండు చేతులూ కావాలి. టీచరు ఒంటిచేత్తో, పిల్లాడు రెండు చేతులతో... ఇక మాట కలిసేదెలా!

మనకంటూ ఒక చోటు ఉంది. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం. పొట్టిగా ఐఎస్ఎల్ఆర్‌టీసీ. 2015లో ఏర్పాటైంది. 2018లో 3,000 పదాలతో వీడియో నిఘంటువు తెచ్చింది. 2019కల్లా అవి 6,000 అయ్యాయి. 2021లో 10,000 చేరాయి. రోజువారీ మాటలే కాదు, చదువు, వైద్యం, న్యాయం, వ్యవసాయం, సాంకేతిక రంగాల పదాలూ అందులో ఉన్నాయి. యూట్యూబ్‌లో చూడొచ్చు. 2022లో వచ్చిన ‘సైన్ లెర్న్’ యాప్‌లోనూ వెతుక్కోవచ్చు. ఒక్క ముక్క కూడా రాని వారి కోసం సొంతంగా నేర్చుకునే ప్రాథమిక కోర్సును 2023లో ఆన్‌లైన్‌లో పెట్టింది.

తెలుగు టీచరుకి ఇక్కడో మెలిక. ‘సైన్ లెర్న్’ వచ్చింది హిందీ, ఇంగ్లిషు మాటలతో వెతుక్కునే ఏర్పాటుతో. ‘బాష్పీభవనం’ చెప్పాలంటే ముందు దాన్ని ఇంగ్లిషులో ఎవాపొరేషన్ అంటారని గుర్తు తెచ్చుకోవాలి. అందుకని ముందురోజు రాత్రే రేపటి పాఠంలోని నాలుగైదు ముఖ్యమైన మాటలు ఏరుకోవడం మేలు. సైగ నేర్చుకుని, మాటను అట్టముక్క మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాసి, పక్కన బొమ్మ అతికిస్తే చాలు. బొమ్మ చూసి, సైగ పట్టుకుని, అక్కణ్నుంచి అక్షరానికి వస్తుంది బిడ్డ. రోజుకి అయిదు మాటలంటే నెలకు నూరు దాటతాయి!

పాఠాలకు పాఠాలే!

మాటల సంగతి సరే, మొత్తం పాఠాన్నే సైగల్లో చెప్పేవారుంటే? వాళ్లూ ఉన్నారు. 2020 అక్టోబరులో ఎన్‌సీఈఆర్‌టీ, ఐఎస్ఎల్ఆర్‌టీసీ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒకటి నుంచి పన్నెండో తరగతి వరకు పాఠ్యపుస్తకాలను సంజ్ఞా భాషలోకి మార్చాలన్నది దాని సారాంశం. అలా తయారైన వీడియోలను ‘దీక్షా’ పోర్టల్‌లో ఉంచుతున్నారు. ఇంట్లో నెట్ సరిగ్గా రానివారికి టీవీ ఉంది. పీఎం ఈ-విద్యలో 31వ ఛానల్‌ను 2024 డిసెంబరు 6న ప్రత్యేకంగా భారతీయ సంజ్ఞా భాష కోసమే ప్రారంభించారు.

అవి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. మన పిల్లల చేతుల్లో ఉండేవి ఎక్కువగా రాష్ట్ర పుస్తకాలు. కాబట్టి ‘ఏడో పాఠం’ అని వెతికితే దొరకదు. ‘భిన్నాలు’, ‘కిరణజన్య సంయోగక్రియ’... ఇలా అంశాన్ని బట్టి ఇంగ్లిషు పేరుతో వెతుక్కోవాలి. లెక్కలకి, సైన్సుకి సరిహద్దులు లేవు కదా!

సైన్సు అంటే గుర్తొచ్చింది. బధిరుల కోసం తయారుచేయకపోయినా వాళ్లకి బ్రహ్మాండంగా పనికొచ్చేది ఒకటుంది... ‘ఫెట్’. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. తెర మీద తీగ కలిపితే బల్బు వెలుగుతుంది. వేడి పెంచితే అణువులు పరుగులు తీస్తాయి. వ్యాఖ్యానం వినాల్సిన పనే లేదు. వేలితో కదిపి, కంటితో చూసి తెలుసుకోవడమే. వీటిలో కొన్నింటిని తెలుగులోనూ చూడొచ్చు. విన్నవాడూ విననివాడూ ఒకే బల్లమీద కూర్చుని సమానంగా చేయగలిగే ప్రయోగాలివి.

‘అన్న బడి వెళ్ళు’

బధిర పిల్లల తెలుగు నోటుపుస్తకం చూస్తే టీచర్లకు కోపం వస్తుంది. ‘అన్న బడి వెళ్ళు’, ‘అమ్మ నేను అన్నం పెట్టు’... ఇలా ఉంటాయి వాక్యాలు. ఎర్రపెన్నుతో కొట్టేసి సున్నా వేస్తే పనైపోతుంది. కానీ ఆ తప్పుకో కారణముంది.

‘బడికి వెళ్లాడు’లోని ‘కి’ని, ‘ఆడు’ని మనం పుట్టినప్పటి నుంచి వేలసార్లు విని ఉంటాం. ఎవరూ నేర్పక్కర్లేదు. సంజ్ఞా భాషలో కు, లో, తో, నుంచి లాంటివి ఇలా మాట చివర అంటుకుని రావు. ఎవరు, ఎక్కడికి అన్నది సైగ చేసే చోటును బట్టి, చెయ్యి కదిలే దిక్కును బట్టి తెలిసిపోతుంది. ఆ భాషకంటూ ఒక వ్యాకరణం ఉంది. ‘నీ పేరు ఏమిటి’ అన్నట్టు ప్రశ్న పదం చివర్లో వస్తుంది. అంటే ఆ బిడ్డకి మొదటి భాష సైగ. తెలుగు రెండో భాష. తప్పు తెలివితేటల్లో లేదు, వినే అవకాశంలో ఉంది.

చెవిన పడని వాక్యం కంటబడాలంటే పుస్తకాలే దారి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన ‘స్టోరీవీవర్’ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు బోలెడు. పిల్లల చదివే శక్తిని బట్టి నాలుగు అంచెలుగా విడదీసి పెట్టారు. మొదటి అంచెలో పేజీకో బొమ్మ, ఒకటి రెండు వాక్యాలు. డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు. ముందు కథంతా సైగల్లో, నటించి చెప్పాలి. తర్వాత వాక్యం చూపించి ‘కి’ కింద గీత గీయాలి. అదే ‘కి’ పది కథల్లో పదిసార్లు కనబడితే పదకొండోసారి నోటుపుస్తకంలోకి దానంతటదే వస్తుంది.

మాట... అక్షరమై!

హైస్కూలుకి వచ్చి, తెలుగు గడగడా చదవగలిగే పిల్లలకైతే మరో ఉపాయం. మాట్లాడుతుంటే ఫోన్ తెర మీద అక్షరాలు వచ్చేస్తాయి. గూగుల్ 2019 ఫిబ్రవరిలో తెచ్చిన ‘లైవ్ ట్రాన్‌స్క్రైబ్’ అది. బధిరుల ఉన్నత విద్యకు పేరొందిన అమెరికాలోని గాలొడెట్ విశ్వవిద్యాలయంతో కలిసి రూపొందించారు. తెలుగూ వస్తుంది. పెదవుల మీద తేలని పాట, బాట, మాటల తగువు ఇక్కడ తేలిపోతుంది. ఎందుకంటే ఫోన్ వినేది గొంతుని!

అలాగని పూర్తిగా నమ్మేయకూడదు. ఫ్యాను రొద, బెంచీల గోల మధ్య ఫోన్ కూడా తడబడుతుంది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మరోలా రాసేస్తుంది. టీచరు దగ్గరగా ఉండి, నింపాదిగా మాట్లాడుతూ, తెరవైపు ఓ కన్నేసి ఉంచాలి. ఇక రెండో తరగతి పిల్లల ముందు దీన్ని పెట్టి ప్రయోజనం లేదు. చదవడం రానివాళ్లకి అక్షరాలు వచ్చిపడితే ఏం లాభం?

అమ్మానాన్నలూ చదవాలి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కాక్లియర్ ఇంప్లాంట్ పేదింటి పిల్లలకూ అందుబాటులోకి వచ్చింది. ‘ఆపరేషన్ అయిపోయింది, ఇక వినేస్తాడు’ అనుకుంటారు చాలామంది. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. చెవిలో పడే ధ్వనికి అర్థం ఏమిటో బిడ్డ నేర్చుకోవాలి. థెరపిస్టు దగ్గర గడిపేది వారానికి కొద్ది గంటలే. మిగతా సమయమంతా ఇంట్లోనే కదా!

ఈ సంగతి దశాబ్దాల కిందటే గ్రహించిందో తల్లి. హాలీవుడ్ నటుడు స్పెన్సర్ ట్రేసీ కొడుకు జాన్‌కి పుట్టుకతోనే వినపడదు. అతడి తల్లి లూయీజ్ 1942లో లాస్ ఏంజెలెస్‌లో ఆ పిల్లాడి పేరిటే ఓ క్లినిక్ పెట్టి, తల్లిదండ్రులకు ఉత్తరాల ద్వారా పాఠాలు పంపడం మొదలుపెట్టింది. అదే ఇప్పటి జాన్ ట్రేసీ సెంటర్. ఉత్తరాలు పోయి కోర్సులు ఆన్‌లైన్‌కి వచ్చాయి. ఇంగ్లిషు తెలిసిన తల్లిదండ్రులు చూడొచ్చు. రానివారికి టీచరే నాలుగు మాటలు విడమరిచి చెబితే ఎంత మేలో!

సైగలా, మాటలా అన్న వాదన ఇవాళ్టిది కాదు. 1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ సభ బడుల్లో సైగలు వద్దని తీర్మానించింది. ఎన్నో దేశాల్లో పిల్లలు బడిలో చేతులు కదపడమే నేరమైంది. 130 ఏళ్ల తర్వాత 2010లో వాంకూవర్‌లో జరిగిన సభ ఆ తీర్మానానికి విచారం వ్యక్తం చేసింది. మన 2020 జాతీయ విద్యావిధానం భారతీయ సంజ్ఞా భాషను దేశమంతటా ప్రామాణికం చేయాలంది. 2021లో దానికి బోధనా భాషాంశంగా హోదా ఇస్తున్నట్టు ప్రకటించారు. పెద్దల వాదన తేలేసరికి ఎన్ని తరాల బాల్యం గడిచిపోయిందో! అందుకే ఏదో ఒక భాష, ఏదైనా సరే, చిన్నప్పుడే బిడ్డకి పూర్తిగా అందాలి. మిషన్‌తో అందితే మిషన్‌తో, చేతులతో అందితే చేతులతో.

ఫోన్ చేయలేని పని

ఎన్ని యాప్‌లున్నా ఒక లోటు ఉంది. వీడియో చెబుతుంది, కానీ బిడ్డ అడిగింది వినదు. ప్రశ్న అడగడానికి ఎదురుగా మనిషి కావాలి. సమగ్ర శిక్షా కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు ఉంటారు. సందేహం వస్తే మండల విద్యావనరుల కేంద్రంలో అడిగితే వివరాలు తెలుస్తాయి. మలక్‌పేట పాఠశాల సంగతి సరేసరి. బధిరులే నడిపే డెఫ్ ఎనేబుల్డ్ ఫౌండేషన్ లాంటి సంస్థలూ హైదరాబాద్‌లో ఉన్నాయి. సైగల్ని వీడియోలో నేర్చుకున్న టీచరు, ఆ భాషలోనే బతికే మనిషితో ఓ గంట మాట్లాడితే వచ్చే తేడా వేరు. ఆ బిడ్డకి కూడా తనలాంటి పెద్దవాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ హాయిగా బతుకుతున్నారని చూడటం ఎంత ధైర్యం!

మళ్లీ మొదటికొద్దాం. పాఠం అయ్యాక ‘అర్థమైందా?’ అని అడగొద్దు. ‘ఏం అర్థమైంది, చెప్పు’ అనండి. చెయ్యి కదిపి చెప్పినా, బొమ్మ గీసి చూపినా, వచ్చీరాని తెలుగులో రాసినా సరే. తల ఊపడం మానేసి ఆ బిడ్డ ‘ఇది తెలియలేదు సార్’ అని ఎదురు అడిగిందా... అసలు చదువు ఆ రోజు మొదలైనట్టు.

ఇంటర్నెట్ అక్కర్లేనివి!

* బోర్డువైపు తిరిగి మాట్లాడొద్దు. రాయడం అయ్యాక ఇటు తిరిగి చెప్పండి.
* కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం చీకటిగా కనిపిస్తుంది. వెలుతురు మీ ముఖం మీద పడాలి.
* గట్టిగా అరవొద్దు. సాగదీయొద్దు. అరిస్తే పెదవుల కదలిక మారిపోతుంది.
* వెనక బెంచీ పిల్లలు అడిగిన ప్రశ్నని మీరు మరోసారి చెప్పి, ఆ తర్వాతే జవాబివ్వండి.
* పాఠం మారుతున్నప్పుడు కొత్త అంశం పేరు బోర్డు మీద రాయండి. ఎక్కడున్నామో తెలుస్తుంది.
* డిక్టేషన్ చెబుతూ క్లాసంతా తిరగొద్దు. రాస్తున్న బిడ్డ తలెత్తి చూసేదాకా ఆగండి.
* చెవి మిషన్‌ని చూసి ఎవరైనా నవ్వితే ఆ రోజే క్లాసంతటికీ దాని గురించి చెప్పండి. కళ్లజోడు చూపుకి, ఇది వినికిడికి అంటే చాలు... పిల్లలు ఇట్టే గ్రహిస్తారు.